మూలకు వెళ్లని దారి

క్రేన్ క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి కింద తిరిగేవాళ్ల ముఖాలు కనపడవు. హెల్మెట్లు కనపడతాయి. ఎవరి హెల్మెట్ మీద గీత పడింది, ఎవరిది ఎండకు వెలిసిపోయింది, ఎవరు దాని మీద కూతురి చేత పువ్వు బొమ్మ గీయించుకున్నారు, ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. సాయంత్రం గేటు దగ్గర అవే తలలు హెల్మెట్లు తీసేసి ఎదురొస్తే మాత్రం ఎవరెవరో పోల్చుకోలేక తల వంచుకుని వెళ్లిపోయేది. "పైన కూర్చునేసరికి కళ్లు నెత్తికెక్కాయి దీనికి" అనుకునేవాళ్లు వాళ్లు. కళ్లు నెత్తికెక్కడం కాదు పాపం, ఆ కళ్లకు వాళ్ల నెత్తులే అలవాటు.

ఉదయం ఇనప నిచ్చెన పట్టుకుని పైకి పోతే మళ్లీ సాయంత్రానికే దిగడం. మధ్యాహ్నం డబ్బా కూడా పైనే విప్పుకునేది. అందుకని ఆమెకు పిచ్చుక అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది బాబాయ్. ఆయన సొంతానికి ఎవరికీ బాబాయ్ కాడు గానీ షెడ్డు షెడ్డంతటికీ బాబాయే. ఇనప రేకును చుట్టలు చుట్టలుగా చుట్టి ఆ షెడ్డులో నిలవ పెడతారు. ఒక్కో చుట్ట ఏనుగు బరువుంటుంది. దానికి గొలుసు కట్టి క్రేన్ కొక్కేనికి తగిలించడం బాబాయ్ పని, ఎత్తి చెప్పిన చోట పెట్టడం పిచ్చుక పని. ఇద్దరి మధ్యా ఒక వాకీటాకీ.

"ఎత్తమ్మా... ఎత్తు... ఇంకాస్త... ఆపు. ఆపమన్నానా! నిద్రపోయావా పైన?"

"నువ్వు వాగుతుంటే నిద్రెక్కడ పడుతుంది బాబాయ్."

రోజంతా ఆమె చెవిలో పడే మనిషి గొంతు అదొక్కటే. ఒకప్పుడు రెండు ఉండేవి. రెండోది అమ్మది.

పని దిగి, గదికి చేరి, తలుపు తీసి చెప్పులు విడిచే సమయానికి సరిగ్గా అమ్మ ఫోన్ మోగేది. అమ్మ వేరే ఊళ్లో రెండు గదుల వాటాలో అద్దెకుండేది. అక్క ఇంకో ఊళ్లో, పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. పిచ్చుక ఉండేది ఈ ఊళ్లో. అమ్మ ఫోన్‌లో సగం మాటలు అక్కవే.

"అక్కకు చెయ్యి కాలిందటే, ఇస్త్రీ మిషను తగిలి. నిన్ను అడిగింది."

"జాగ్రత్తగా ఉండమను."

మర్నాడు అమ్మ చెప్పేది: "చెప్పాను. నవ్వింది."

అక్క నవ్వు ఎలా ఉంటుందో పిచ్చుకకు అమ్మ నోటి వెంటే తెలుసు. "నేనే ఒకసారి చేస్తాలే అక్కకు" అని ఎప్పుడైనా అంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "దాన్ని కదపకే. ఊపిరి సలపని పని దానిది. నేను చెప్తాగా." సెలవులు కూడా ఇద్దరికీ కలిసేవి కావు. అక్క ఒక వారం అమ్మ దగ్గరికొస్తే చెల్లెలు ఇంకో వారం వచ్చేది. అక్క వచ్చి వెళ్లినప్పుడు వదిలిన నీలం స్వెట్టరు ఒకసారి అమ్మ పిచ్చుక చేతిలో పెట్టింది. "నీకిమ్మంది. పైన గాలి కొడుతుందట కదా అంది." ఆ స్వెట్టరు వేసుకుని క్యాబిన్‌లో కూర్చుంటే వెచ్చగానే ఉండేది.

అట్లా గడిచిపోయేది, ఒక చలికాలం పొద్దున అమ్మ నిద్రలోంచి లేవకుండా ఉండిపోయేదాకా.

అప్పుడు అక్కా చెల్లెలూ కలిశారు. గిన్నెలూ గుడ్డలూ మూటలు కట్టి, పొరుగువాళ్లకు ఇవ్వాల్సినవి ఇచ్చి, గదులు ఊడ్చి, తాళాలు ఇంటామెకు అప్పజెప్పారు. చేతుల నిండా పనే కాబట్టి మాటలు అక్కర్లేకపోయాయి. బస్టాండ్‌లో విడిపోయేటప్పుడు, "ఫోన్ చెయ్యి" అంది అక్క. "నువ్వూ చెయ్యి" అంది చెల్లెలు. చెరో బస్సు ఎక్కారు.

ఇద్దరూ చెయ్యలేదు. పెద్దది కదా, అదే చేస్తుందిలే అనుకుంది పిచ్చుక మొదట్లో. తర్వాత, ఇన్నాళ్లూ చెయ్యకుండా ఇప్పుడెందుకు చేశావంటే ఏం చెప్పాలి అనుకుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఫోన్ బరువెక్కింది. పైగా లోపల ఒక పురుగు దొలవడం మొదలుపెట్టింది. అమ్మ కూరలోనే కాదు, మాటలో కూడా ఉప్పూ కారం తన చేత్తోనే వేసే మనిషి. 'నిన్ను అడిగింది' అని అమ్మ అన్నప్పుడు అక్క నిజంగా అడిగిందా, లేక అది అమ్మ వేసిన ఉప్పా? అమ్మను తీసేస్తే అక్కకూ తనకూ మధ్య ఏమైనా మిగులుతుందా? ఈ ఒక్కటి తేల్చుకోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకునేది. ఏమీ మిగలదని తేలితే ఏంచేయాలో తెలియక ఊరుకునేది. సాయంత్రం గది తలుపు తీసి చెప్పులు విడిచి, మోగని ఫోన్ వైపు ఒకసారి చూసి, పొయ్యి వెలిగించుకునేది.

ఆ రోజుల్లోనే షెడ్డుకు కొత్త క్రేన్ వచ్చింది.

పాత క్రేన్‌కు ఒక ఆచారం ఉంది. షెడ్డు నేలంతా గళ్లు గళ్లుగా రంగు గీతలు వేసి ఉంటుంది. గుమ్మం పక్క స్తంభం ఉన్న మూల సున్నా. ఆ మూల నుంచి షెడ్డు పొడుగునా ఎన్ని గళ్లు, అడ్డంగా ఎన్ని గళ్లు అని లెక్క. ఫలానా చుట్ట పొడుగు రెండు, అడ్డం ఎనిమిది అంటే దాని చిరునామా అదే. క్యాబిన్‌లో రెండు డయళ్లు ఆ గళ్లను లెక్కపెట్టేవి. కానీ క్రేన్ వెనక్కి తిరిగితే అవి జారి లెక్క తప్పేవి. అందుకని పూర్వం పనిచేసిన పెద్ద డ్రైవరు ఒక పద్ధతి పెట్టాడు. ఒక చుట్ట దింపగానే ఖాళీ కొక్కెంతో మూలకు వెళ్లాలి, డయళ్లను సున్నాకు తిప్పుకోవాలి, అక్కడి నుంచి కొత్తగా బయల్దేరి ఇంకో చుట్ట దగ్గరికి రావాలి. పక్క గడిలో ఉన్న చుట్టకైనా సరే, మూలకు వెళ్లి రావాల్సిందే. ఆ మూలకు బాబాయ్ 'పుట్టిల్లు' అని పేరు పెట్టాడు.

"ఏం పిచ్చుకా, మళ్లీ పుట్టింటికి బయల్దేరావా? సారె తెస్తావా ఉత్త చేతులతో వస్తావా?"

ఆ తర్వాతెప్పుడో డయళ్లు బాగుచేశారు. జారడం మానేశాయి. అయినా ఎవరూ పద్ధతి మార్చలేదు. పుట్టింటి మొహం చూడకుండా బయల్దేరితే చెయ్యి ఆడేది కాదు.

కొత్త క్రేన్‌తో పాటు దాన్ని నేర్పడానికి ఒక ట్రైనర్ అమ్మాయి వచ్చింది. పిచ్చుక కన్నా చిన్నదే. చేతులు ఊపుతూ మాట్లాడుతుంది, ఎదుటివాళ్లకు అర్థం కాకపోతే తన తప్పే అన్నట్టు మొహం పెడుతుంది. భోజనాల గదిలో బల్ల మీద పరిచిన గళ్ల ప్లాస్టిక్ గుడ్డే ఆమెకు నల్లబల్ల. ఉప్పు డబ్బా కొక్కెం, మంచినీళ్ల గ్లాసు చుట్ట. వినేవాళ్లు ముగ్గురు: పిచ్చుక, బాబాయ్, రెండో షిఫ్టు డ్రైవరు మీసాలాయన.

"ఈ క్రేన్‌కు డయళ్లుండవండీ. ఉన్న చోటి నుంచి ఎంత కదలాలో, ఎటు కదలాలో నంబర్లు కొట్టాలి. ముందుకైతే ప్లస్, వెనక్కైతే మైనస్. పొడుగుకొకటి, అడ్డానికొకటి. దీన్నే డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు."

పిచ్చుకకు ఎక్కడో విన్నట్టనిపించింది. ఊళ్లో బడి, రేకుల వరండా, సుద్దముక్కతో నేల మీద బాణం గుర్తులు గీసే సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. "స్థానభ్రంశం" అంది మెల్లగా.

"ఆ! అదే, అదే" అని ట్రైనర్ సంబరపడింది.

"మతిభ్రంశం విన్నాం గానీ ఇదేం భ్రంశం తల్లీ?" అన్నాడు బాబాయ్.

"ఉన్న చోటు మారడం బాబాయ్. ఎంత తిరిగామన్నది కాదు. ఎక్కడ మొదలై ఎక్కడ తేలామన్నదే లెక్క" అంది పిచ్చుక.

"అట్లాగైతే నేను పొద్దున ఇంట్లో బయల్దేరి సాయంత్రం ఇంట్లోనే తేలతాను. రోజంతా చేసిన చాకిరీ సున్నానా?"

"ఈ లెక్కలో సున్నానే" అంది ట్రైనర్ నవ్వుతూ.

"మా ఆవిడ లెక్కలో కూడా అంతే."

ముందు కూడికలు చేయించింది. మూల నుంచి పొడుగు మూడు, అడ్డం ఒకటి వెళ్లాం. అక్కణ్నించి ఇంకా పొడుగు రెండు, అడ్డం నాలుగు వెళ్లాం. ఇప్పుడెక్కడున్నాం? "పది" అన్నాడు మీసాలాయన ఠక్కున. "పొడుగూ అడ్డమూ కలిపెయ్యకూడదండీ. పొడుగుతో పొడుగు, అడ్డంతో అడ్డం. పొడుగు అయిదు, అడ్డం అయిదు." మీసాలాయన మీసం దువ్వుకుని, "నేనూ అదే అన్నాను, కలిపి అన్నాను" అన్నాడు.

తర్వాత తీసివేత. ఉప్పు డబ్బాను పొడుగు ఆరు, అడ్డం అయిదులో పెట్టింది. గ్లాసును పొడుగు రెండు, అడ్డం ఎనిమిదిలో పెట్టింది. "కొక్కెం ఇక్కడుంది. చుట్ట అక్కడుంది. ఏం నంబర్లు కొడతారు?"

పిచ్చుక ఆలోచించే పని లేనట్టు, "రెండు, ఎనిమిది" అంది. ట్రైనర్ డబ్బాను ఉన్న చోటి నుంచి పొడుగునా రెండు గళ్లు, అడ్డంగా ఎనిమిది గళ్లు జరిపింది. ఎనిమిది పూర్తికాకుండానే బల్ల అయిపోయింది. కింద పడబోయిన డబ్బాను బాబాయ్ పట్టుకున్నాడు.

"గోడ బద్దలు కొట్టుకుని వీధిలోకి పోయింది నీ కొక్కెం."

పిచ్చుక నాలుక్కరుచుకుంది. "మర్చిపోయాను. ముందు పుట్టింటికి వెళ్లాలిగా. వెనక్కి ఆరు, వెనక్కి అయిదు. అక్కణ్నించి ముందుకు రెండు, ముందుకు ఎనిమిది."

పుట్టిల్లంటే ఏమిటో బాబాయ్ వివరించి చెప్పాక ట్రైనర్ తలాడించింది. "తప్పేం లేదు. చేరతారు. ఇప్పుడు ఆ రెండు ప్రయాణాలూ కలపండి. పొడుగుతో పొడుగు."

"మైనస్ ఆరు, ప్లస్ రెండు... మైనస్ నాలుగు."

"అడ్డంతో అడ్డం."

"మైనస్ అయిదు, ప్లస్ ఎనిమిది... మూడు."

"అంతే. వెనక్కి నాలుగు, అడ్డంగా మూడు. నేరుగా ఇదే కొట్టొచ్చుగా? రెండు మోటార్లూ ఒకేసారి తిరుగుతాయి. కొక్కెం ఏటవాలుగా గీత గీసినట్టు పోతుంది. అయిదు గళ్ల దూరం, అంతే."

"మధ్యలో పుట్టింటికి వెళ్లకుండానా?" మీసాలాయన నొచ్చుకున్నట్టు అడిగాడు.

"వెళ్లకుండా. చేరాల్సిన చోట్లోంచి ఉన్న చోటు తీసెయ్యండి. మిగిలేదే దారి."

మర్నాడు నిజం క్రేన్ మీద ట్రైనర్ అదే లెక్క ఇచ్చింది. బాబాయ్ రెండు, ఎనిమిది గడిలో చుట్ట పక్కన నిలబడ్డాడు. కొక్కెం ఆరు, అయిదు మీద వేలాడుతోంది. పిచ్చుక పెదాల్లోనే లెక్క కట్టుకుంది. ఆరులోంచి రెండు తీస్తే నాలుగు. అయిదులోంచి ఎనిమిది తీస్తే మైనస్ మూడు. కొట్టింది. మోటార్లు రెండూ కదిలాయి. కొక్కెం హుందాగా, తిన్నగా, బాబాయ్‌కు వీపు తిప్పి షెడ్డు అవతలి పక్కకు వెళ్లి నిలబడింది.

వాకీటాకీ గరగరలాడింది.

"పిచ్చుకా."

"ఆ, బాబాయ్."

"నేనేమన్నా అన్నానా దాన్ని? అలిగి వెళ్లిపోయింది."

ట్రైనర్ నిచ్చెన ఎక్కి వచ్చింది. క్యాబిన్‌లో ఒక్కరికే చోటు. తలుపు దగ్గర నిలబడి అద్దంలోంచి చూసింది. "దూరం కరెక్టేనండీ. గడి తేడా లేకుండా అయిదు గళ్లే. కానీ తిరగేసి తీశారు. మీరు కొట్టింది చుట్ట దగ్గర్నుంచి కొక్కెం దగ్గరికి వచ్చే దారి."

"రెండూ ఒకటి కాదా?"

"దూరం ఒకటే. దిశ వేరు. మీరు ఉన్న చోటే కూర్చుని, చుట్ట మీ దగ్గరికి ఎలా రావాలో లెక్క కట్టారు." ఆ అమ్మాయి నవ్వింది. "చుట్ట రాదుగా. మనమే వెళ్లాలి."

పిచ్చుక నవ్వలేదు. "సరే మేడం" అని నంబర్లు తిరగేసి రెండుసార్లు కొట్టింది, బయల్దేరిన చోటికి ఒకసారి, అక్కణ్నించి చుట్ట దాకా ఇంకోసారి. కొక్కెం వెనక్కి తిరిగి వచ్చి బాబాయ్ నెత్తిమీద బుద్ధిగా ఆగింది. ఆ సాయంత్రం గదిలో చెప్పులు విడిచి ఫోన్ వైపు చూసినప్పుడు ఆ మాట మళ్లీ వినపడింది. చుట్ట రాదుగా. అక్క పేరు మీద వేలు పెట్టి, నొక్కకుండా తీసేసింది.

ఆ వారంలోనే మూల పడగొట్టారు. లారీలు నేరుగా లోపలికి రావడానికి అక్కడ పెద్ద తలుపు పెడతారట. గుమ్మం పక్క స్తంభం, దాని మీద ఎర్ర సున్నా, పక్కనున్న గోడ, అన్నీ దుమ్మయి కూర్చున్నాయి. ఇక నుంచి సున్నా చుట్టలు తూచే కాటా దగ్గర అన్నారు. పాత మూల నుంచి చూస్తే కాటా పొడుగునా ఒక గడి, అడ్డంగా రెండు గళ్లు లోపలికి ఉంటుంది. మీసాలాయన గొడవ పెట్టుకున్నాడు. "ఇన్నేళ్లు బుర్రలో పెట్టుకున్న చిరునామాలన్నీ గంగలో కలిశాయి. పుట్టిల్లే లేకపోతే ఎవరికి ఎవరు?" బాబాయ్ ఏం జోకు వెయ్యలేదు. చీపురు తెచ్చి ఆ ఇటుక పొడి తనే ఊడ్చాడు. పైనుంచి చూస్తే ఆయన హెల్మెట్ చాలాసేపు ఆ ఒక్కచోటే కదలాడుతూ ఉంది.

మధ్యాహ్నం పిచ్చుక డబ్బా విప్పలేదు. అద్దం మీద పేరుకున్న దుమ్ములో వేలితో రాసింది. పాత మూల నుంచి కొక్కెం ఆరు, అయిదు. చుట్ట రెండు, ఎనిమిది. కాటా నుంచి లెక్కిస్తే కొక్కెం అయిదు, మూడు. చుట్ట ఒకటి, ఆరు. నాలుగు నంబర్లూ మారిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు. చేరాల్సిన దాంట్లోంచి ఉన్నది తీసింది. ఒకటిలోంచి అయిదు, మైనస్ నాలుగు. ఆరులోంచి మూడు, మూడు.

వెనక్కి నాలుగు, అడ్డంగా మూడు. అదే.

నమ్మకం కుదరక తనకు నచ్చిన చోట, బాబాయ్ టీ గ్లాసు పెట్టిన గడిని సున్నా అనుకుని మళ్లీ చేసింది. అదే. వేరే రెండు చుట్టలు తీసుకుని చేసింది. మూల ఎక్కడికి జరిగినా ఒక్కో చుట్ట చిరునామా మారుతోంది గానీ ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు దారి మాత్రం మారడం లేదు. అద్దమంతా అంకెలతో నిండిపోయి, వాటి సందుల్లోంచి కింద షెడ్డు కనిపించింది.

ఆమె అక్క గురించి ఆలోచించిందనడం కన్నా, అక్క దానంతట అదే గుర్తొచ్చిందనడం నిజం.

సాయంత్రం దిగాక ట్రైనర్‌ను అడిగింది. "మూల లేకపోయినా రెంటి మధ్య తేడా మారదా మేడం?"

"మారదండీ. మూల మన సౌకర్యం కోసం మనం పెట్టుకున్నది. చుట్టల మధ్య ఉన్నది చుట్టలదే."

సౌకర్యం అన్న మాట పిచ్చుకకు కొంచెం గుచ్చుకుంది. కానీ రెండో మాటను వదల్లేక దాన్ని పట్టుకుని గదికి నడిచింది.

సెలవు రోజు పొద్దున బస్టాండ్‌కు వెళ్లింది. కాళ్లు అలవాటు కొద్దీ అమ్మ ఊరి బస్సు ఆగే చోటికి తీసుకెళ్లి నిలబెట్టాయి. అక్క ఊరికి అయినా అమ్మ ఊళ్లో దిగి బస్సు మారి వెళ్లాలని ఆమెకు తెలుసు. ఎవరు చెప్పారో గుర్తులేదు, ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ అంతే. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి, తీసి, వెనక్కి వచ్చి, విచారణ కిటికీలో అక్క ఊరి బస్సు అడిగింది. లోపలతను తలెత్తకుండానే వేలు చూపించాడు. "ఆఖరి ప్లాట్‌ఫారం. నేరుగా పోతుంది."

"కొత్తగా వేశారా ఈ బస్సు?"

"నేను ఉద్యోగంలో చేరినప్పుడే పాతది."

నేరు బస్సు పొలాల మధ్య నుంచి, ఆమె ఎప్పుడూ చూడని ఇటుక బట్టీల పక్క నుంచి పోయింది. కిటికీ పక్కన కూర్చుని ఫోన్ ఒళ్లో పెట్టుకుంది గానీ చెయ్యలేదు. వస్తున్నానంటే, తీరిక లేదే అంటుందేమో. అన్నాక ఇక వెళ్లడానికి ఉండదు. దిగాల్సిన చోటు ఆమె సిద్ధపడక ముందే వచ్చేసింది.

ఆసుపత్రి వెనక పొగగొట్టం చూసి లాండ్రీ పోల్చుకుంది. లోపలంతా ఆవిరి. తెల్ల దుప్పట్లు ఒకదాని వెనక ఒకటి పెద్ద ఇస్త్రీ మిషను రోలర్ల కిందికి పోయి అవతల బయటికొస్తున్నాయి. అవతలి కొసన నిలబడి మడతలు పెడుతున్న మనిషి తలెత్తి చూసింది. చేతిలో దుప్పటి అట్లాగే ఉండిపోయింది.

"ఏమైంది?" అంది అక్క. "ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు."

"మరి?"

"ఊరికే వచ్చాను."

"ఊరికే ఇంత దూరం ఎవరొస్తారే?"

"దూరం కాదక్కా. నేరుగా బస్సుంది."

అక్క పక్కామెకు పని అప్పజెప్పి, దుప్పటి మూటల మధ్య బెంచీ మీద చోటు చేసింది. రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. ఇద్దరూ టీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తెలిసిన మనిషి ఇద్దరి మధ్యా లేదు.

"తలనొప్పి ఎలా ఉంది?" అంది అక్క చివరికి.

"ఏ తలనొప్పి?"

"నీకు తరచూ వస్తుందటగా. అమ్మ చెప్పేది."

"నాకెప్పుడూ రాలేదే."

అక్క చెల్లెలి వంక వింతగా చూసింది. పిచ్చుక మాట మార్చడానికి తన స్వెట్టరు అంచు పట్టుకుంది. "నువ్వు పంపిందే. పైన బాగా గాలి కొడుతుంది. రోజూ వేసుకుంటాను."

అక్క గ్లాసు కింద పెట్టి ఆ ఉన్ని వేళ్లతో తడిమి చూసింది. లాండ్రీలో పనిచేసే వేళ్లు కదా, గుడ్డను చూస్తే మర్చిపోవు. "ఇది నాది కాదే. నేనేం పంపలేదు."

మిషను ఒక దుప్పటి మింగి ఇంకో దుప్పటి అందుకుంది.

"మరి నువ్వు నాకు పంపిన గొడుగు?" అంది అక్క. "పూల గొడుగు. వానలో నడిచి డ్యూటీకి వెళ్తానని."

పిచ్చుక తల అడ్డంగా ఊపింది.

ఇదే తేలుతుందని పిచ్చుక భయపడింది. ఇదే తేలింది. స్వెట్టరు అమ్మది, గొడుగు అమ్మది, తలనొప్పి అమ్మది. ఒక్కొక్కటే తీసేస్తూ పోతే బెంచీ మీద రెండు టీ గ్లాసులు మిగిలాయి. ఇంక లేచి వెళ్లిపోవచ్చు అనుకుంది. అప్పుడు అక్క గ్లాసు అందుకోబోతే, చొక్కా చెయ్యి పైకి జరిగి ముంజేతి మీద కాలిన మచ్చ కనపడింది. పొడుగ్గా, నున్నగా, రంగు తేలి ఉంది.

"ఇది మాత్రం నిజమే" అంది పిచ్చుక.

"దీని సంగతి అమ్మ నీకు చెప్పిందా?"

"జాగ్రత్తగా ఉండమని చెప్పమన్నాను. 'చెప్పాను, నవ్వింది' అంది."

"నవ్వలేదు. ఏడ్చాను" అంది అక్క. "బాగా నొప్పిగా ఉండింది. చెల్లెలు ఫోన్ చేస్తే బాగుండు అన్నాను. అమ్మేమందో తెలుసా? దాన్ని కదపకే, ఆకాశంలో కూర్చుని పనిచేస్తుంది, ఫోన్ ఎత్తబోతే చెయ్యి జారుతుంది అంది."

"నాకూ అదే చెప్పింది. నీకు ఊపిరి సలపదని."

"సలుపుతుంది. సాయంత్రాలు ఊరికే గోడ చూస్తూ కూర్చుంటాను."

పిచ్చుక గ్లాసులోకి చూస్తూ అడిగింది. ఇన్నాళ్లూ దొలిచినది అంత చిన్న గొంతుతో బయటికొస్తుందని ఆమె అనుకోలేదు. "నువ్వు నిజంగా నన్ను అడిగేదానివా అక్కా?"

చెప్పాలి కదా అని చెప్పే మనిషి కాదు అక్క. "రోజూ అడిగేదాన్ని అనను. కొన్నిసార్లు వారాల తరబడి గుర్తొచ్చేదానివి కాదు. కానీ అడిగేదాన్ని. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు కదా, అందుకని ఎక్కువ గుర్తొస్తున్నావు."

అమ్మ చెప్పినట్టయితే ఇంకా తియ్యగా ఉండేది. ఇందులో చక్కెర లేదు. పిచ్చుక ఆ మాటను టీతో పాటు మెల్లగా మింగింది.

సాయంత్రం అక్క బస్సు దాకా వచ్చింది. దారంతా ఒకరి అడుగు ఇంకొకరికి కలవడం లేదు, ఒకసారి ఒకరు ముందు, ఒకసారి ఒకరు వెనక. బస్టాండ్‌లో జనం పల్చబడ్డారు. నేరు బస్సు ఖాళీగా నిలబడి ఉంది. డ్రైవరు అద్దం తుడుచుకుంటున్నాడు.

"ఈసారి నేనొస్తాలే" అంది అక్క, చెప్పు కొసతో నేల మీద ఏదో గీస్తూ. "ఎలా రావాలి మీ ఇంటికి?"

"తేలికే. అమ్మ వాళ్ల ఊళ్లో దిగి, అక్కణ్నించి..."

పిచ్చుక ఆగిపోయింది. అక్క కూడా తలెత్తింది. అమ్మ వాళ్ల ఊరు అన్న మాట కాసేపు ఇద్దరి మధ్యా, ఎక్కేవాళ్లు లేని బస్సులా నిలబడింది. ఆ గదుల్లో ఇప్పుడు ఇంకెవరో అద్దెకు దిగి ఉంటారు. అక్క కళ్లు తుడుచుకోలేదు, పక్కకు తిప్పుకుంది.

డ్రైవరు ఎక్కి ఇంజను వేశాడు. పిచ్చుక మెట్టెక్కి, కమ్మీ పట్టుకుని వెనక్కి వంగింది.

"అక్కా, కాదులే. ఇక్కణ్నించి చెప్తాను, విను."